ఈస్టర్‌కు రావలసిన పడవ

పేన్స్‌విల్,
11 సెప్టెంబరు 1983, ఆదివారం.

డెస్‌కు,

నైరుతి గాలి, మధ్యాహ్నం దాకా జల్లు. పొద్దున్న షెడ్డులో బెంచీ కింద పేరుకుపోయిన అల్యూమినియం పొడి ఊడ్చి డబ్బాకెత్తాను. నీ ఉత్తరం గురువారం అందింది.

మనిద్దరి పడవ కర్లూ మునుపటిలా నీళ్ల మీదికి లేవడం లేదనీ, వేగం తగ్గిందనీ, ఏ ప్రొపెల్లర్ వేయమంటావనీ అడిగావు. సంగతి తెలియకుండా ప్రొపెల్లర్ మార్చకూడదు. మామూలుగా పడవలో ఎంతమంది ఎక్కుతున్నారు, అడుగుభాగం గీకి ఎన్నాళ్లయింది, అలల్లేని నీళ్ల మీద థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఇవి రాయి. నీకు తెలిసినవే అయినా చెబుతున్నాను. చెక్కలో స్క్రూ దిగినట్టు ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ఎంత ముందుకు పోవాలో అదే దాని పిచ్. మన నలభై హార్స్‌పవర్ ఇంజను నిమిషానికి ఐదు వేల చుట్లు తిరగాలి. తిరగలేకపోతే పిచ్ ఎక్కువైనట్టు. దాటిపోతే తక్కువైనట్టు. పిచ్ ఒక అంగుళం మారితే సుమారు రెండు వందల చుట్లు అటో ఇటో అవుతాయి. అందరూ వేగం కోసం పెద్ద పిచ్ వేసి ఇంజనును కుంగదీస్తారు. మీ దగ్గర ఇసుక తిన్నెలు ఎక్కువ కాబట్టి ఇరుసుకు అడ్డంగా ఉండే పిన్ను తరచూ విరుగుతుంది. అది విరగడానికే ఉంది. విసుగొచ్చి మేకు ముక్క దూర్చకు. పిన్ను విరగకపోతే గేర్లు విరుగుతాయి.

ఈస్టర్ శుక్రవారం ఎప్పటిలాగే, సగం దూరం నువ్వూ సగం దూరం నేనూ వచ్చి డబ్బోలో పడవ చేతులు మార్చుకోవడమే. అప్పటికి కర్లూ నీ దగ్గర ఉండే రెండేళ్లూ అవుతాయి, ఇక నా రెండేళ్లు. నా ఎదుట ప్రొపెల్లర్ విప్పి, ఇరుసు తుడిచి, గ్రీజు రాసి, కొత్త పిన్ను వేసి ఇవ్వాలి. మనం పెట్టుకున్న పద్ధతే కదా.

ఒక సంగతి. మార్చి ఆఖరుకు షెడ్డు వదిలేస్తున్నాను. లీజు పొడిగించలేదు. సెలవుల్లో ఊరంతా పడవలెక్కి తిరుగుతుంటే నేను వాళ్ల ప్రొపెల్లర్ల రెక్కలు సరిచేస్తూ కూర్చున్నవాణ్ణి. కర్లూ నా దగ్గరున్న ఏళ్లలో కూడా చలికాలం ఒక్కణ్ణే నడిపాను తప్ప మీ వదిన నోలాను ఎక్కించుకుని సరస్సు దాటింది లేదు. ఈసారి ఈస్టర్ తరువాత వారం రోజులు అవతలి ఒడ్డున గుడారం వేసుకుందామని ఆమెకు మాటిచ్చాను.

"వాడు ఏం వండుకుంటున్నాడో అడుగు" అంటోంది నోలా. అడుగుతున్నాను.

ఆల్విన్

*

టిన్ క్యాన్ బే,
2 అక్టోబరు 1983

అన్నయ్యకు,

టీ కలుపుకుని నీ ఉత్తరం పట్టుకున్నాను. పిచ్ దగ్గరికి వచ్చేసరికి టీ చల్లారింది. పడవలు ఒడ్డుకు లాగి బాగుచేసే మా స్లిప్ యజమాని బ్యారీ నా భుజం మీంచి చూసి, "మీ అన్న ఉత్తరం రాశాడా, ఇంజనుతో పాటు వచ్చే పుస్తకం పంపాడా?" అన్నాడు. "రెండూ ఒకటే, మా ఇంట్లో" అన్నాను.

సరే, నీ ప్రశ్నలకు జవాబులు. మామూలుగా నలుగురం ఎక్కుతాం. బ్యారీ ఉంటే ఐదుగురి లెక్క వేసుకో. అతను కూర్చున్న వైపు పడవ మర్యాదగా వంగి నమస్కారం పెడుతుంది. అడుగు శుభ్రంగానే ఉంది, పోయిన నెలే గీకాను. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే నాలుగు వేల మూడు వందలు. చూశావా, నువ్వడిగినట్టే నీళ్లు కదలని పొద్దున చూసి రాస్తున్నాను.

వదినకు చెప్పు, బ్రహ్మాండంగా వండుకుంటున్నాను. సోమవారం సాసేజీ, బంగాళాదుంప. మంగళవారం బంగాళాదుంప, సాసేజీ. పోయిన వారం బురద పీతలు దొరికాయి. ఒక్కణ్ణే తినలేక పక్కింటి ముసలాయనకు సగం ఇచ్చాను. ఆయన పీతను పట్టుకుని, "ఇదేంట్రా, పెళ్లాం లేనివాడివి ఇంత తిండి పట్టావు" అన్నాడు. నవ్వుకున్నాం.

నువ్వు షెడ్డు వదిలేస్తావా? ఊరి మధ్య గడియారం ఆగిపోయిందంటే నమ్ముతాను గానీ ఇది నమ్మను. ఆ తరువాత ఏం చేస్తావు? పొద్దున లేచి ఎటు వెళ్తావు? నిజంగానే అడుగుతున్నాను, రాయి.

ఈస్టర్‌కు ఇంకా చాలా టైముంది. ముందు ఈ డిసెంబరు, జనవరి ఎండాకాలం గడవనీ. పిచ్ తగ్గించమంటావా, రెక్కల సంఖ్య పెంచమంటావా? ఏదైనా రాయి.

డెస్

*

పేన్స్‌విల్,
6 నవంబరు 1983, ఆదివారం.

డెస్‌కు,

వేడి, ఉత్తరపు గాలి, దుమ్ము. ఇంటి కప్పు మీది రేకు ఒకటి లేస్తే మేకులు దిగ్గొట్టాను.

నాలుగు వేల మూడు వందలన్నావు. కర్లూకు ఉన్నది పదమూడు అంగుళాల పిచ్ ప్రొపెల్లర్. నలుగురూ ఎక్కి, పైన మీ బ్యారీ ఎక్కినా అది నాలుగు వేల ఏడు వందల కిందికి దిగకూడదు. నువ్వు చెబుతున్న లెక్క కర్లూ కంటే బాగా బరువైన పడవది. అలా ఎందుకయిందో ఆలోచించాను. ఒకటి, ప్లైవుడ్ నీళ్లు తాగి ఉండాలి. నేల పలక ఎత్తి, వెనక పలక మొదట్లో స్క్రూడ్రైవర్ కొన గుచ్చి చూడు. మెత్తగా దిగితే అదే జబ్బు. పడవను పైకి లాగి ఆరబెట్టాలి. రెండు, రెక్కల అంచులు ఇసుకకు అరిగి ఉండాలి, కానీ అలా అరిగితే చుట్లు పెరగాలి గానీ తగ్గవు. కాబట్టి మొదటిదే అనుకుంటున్నాను. నాకు దిగులుగానే ఉంది. ఆ పలకలు మనిద్దరం ఆవిరి పట్టి వంచినవి.

రెక్కల సంఖ్య జోలికి పోకు. మన పడవకు మూడు చాలు.

ప్రొపెల్లర్ విప్పి రైల్లో పంపు. చూస్తాను. విప్పినప్పుడు దాని వెనక గాలం తీగ చుట్టుకుందేమో చూడు. అది కనబడకుండా ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలును కోసేస్తుంది, గేరు నూనెలోకి నీళ్లు పోతాయి. నూనె తెల్లగా పాలలా ఉంటే వెంటనే రాయి.

సేల్ ఊరి దంతవైద్యుడు తన ఫైబర్ పడవ నాకిస్తానన్నాడు. "నువ్వయితే దీన్ని సొంత బిడ్డలా చూసుకుంటావు, ఎవడికో ఇవ్వబుద్ధి కావడం లేదు" అన్నాడు. మాకు కర్లూ వచ్చేస్తోంది, రెండు పడవలు పెట్టుకునే చోటు లేదని చెప్పాను. శనివారం ఇంకొకరికి అమ్మేశాడు. నోలా, "ఒక్కరోజు ఆగమని చెప్పలేకపోయావా?" అంది. ఆగమనడం దేనికి, ఉన్నది మనకు ఉన్నప్పుడు.

షెడ్డు వదిలాక ఏం చేస్తానో ఇంకా అనుకోలేదు.

ఆల్విన్

*

టిన్ క్యాన్ బే,
4 డిసెంబరు 1983

అన్నయ్యకు,

ప్రొపెల్లర్ రైలెక్కింది. స్టేషనులో గుమాస్తా మూటను ఎత్తి చూసి, "ఏం నాయనా, ఎవరి తలకాయ పంపుతున్నావు?" అన్నాడు. "మా అన్నకు క్రిస్మస్ కానుక" అన్నాను. "అయితే తలకాయే అయివుంటుంది" అన్నాడు.

తిన్నెకు గుద్దుకుని రెండు రెక్కల కొనలు వంగాయి. ఒకదాని అంచు చిన్న ముక్క ఎగిరింది. తొందర లేదు, నీ తీరికను బట్టి చెయ్యి. గాలం తీగ లేదు. నూనె శుభ్రంగానే ఉంది. స్క్రూడ్రైవర్ కూడా గుచ్చి చూశాను, చెక్క గట్టిగానే ఉంది. కాబట్టి నువ్వు దిగులుపడకు.

ఇక్కడ పొద్దున్నే ఎండ మొహం మీదే. బ్యారీ పిల్లలందరూ సెలవులకు దిగారు. స్లిప్ మీద పడవల వరస. పని బాగానే ఉంది. సాయంత్రాలే పొడవు. ఇంట్లో రేడియో పెట్టుకుని క్రికెట్ వింటూ నీకు రాద్దామనుకుంటాను. ఏం రాయాలో తోచదు. తీరా కలం పడితే ప్రొపెల్లర్ గురించే వస్తుంది. మన ఇంటి జబ్బు ఇది.

వదినకూ నీకూ క్రిస్మస్ శుభాకాంక్షలు.

డెస్

*

పేన్స్‌విల్,
8 జనవరి 1984, ఆదివారం.

డెస్‌కు,

ఎండ, తూర్పు గాలి. గొడ్డలి పిడి మార్చాను.

ప్రొపెల్లర్ అందింది. వంగిన రెక్కలను వేడి చేసి, రెక్క వంపుకు అచ్చుగా ఉండే పిచ్ దిమ్మ మీద పెట్టి తోలు సుత్తితో కొట్టి సరిచేశాను. విరిగిన అంచు వెల్డింగు చేసి, ఆకురాయితో మిగతా రెండు రెక్కలకు సమంగా దించాను. కత్తి అంచుల మీద నిలబెట్టి తిప్పితే ఏ రెక్కా కిందికి వాలడం లేదు. పెట్టెలో పెట్టి మంగళవారం రైలుకు వేశాను.

ఎక్కించి, నీళ్ల మీద నడిపి, ఎన్ని చుట్లు వచ్చాయో రాయి. సరిగ్గా కూర్చుందో లేదో, పిన్ను కొత్తది వేశావో పాతదే వేశావో అదీ రాయి.

ఆల్విన్

*

టిన్ క్యాన్ బే,
29 జనవరి 1984

అన్నయ్యకు,

నువ్వు మంత్రగాడివి. అందగానే వెళ్లి ఎక్కించాను. చెయ్యి పెట్టి తోస్తే వెన్నలోకి కత్తి దిగినట్టు కూర్చుంది. కొత్త పిన్నే వేశాను, నీ మీద ఒట్టు. థ్రాటిల్ తెరిచేసరికి కర్లూ ముక్కు ఎత్తి మళ్లీ దించి పరిగెత్తింది. ఐదు వేల యాభై చుట్లు. బ్యారీ టోపీ గాలికి ఎగిరి నీళ్లలో పడింది. వెనక్కి తిప్పి తీసుకురమ్మని ఒకటే గోల. "మీ అన్న బాగుచేసినదానితో వెనక్కి పోవడం కుదరదు, ముందుకే" అన్నాను.

నీకు రాయడానికి ఇంకొకటి దొరికింది. స్టీలు ప్రొపెల్లర్ వేస్తే ఎలా ఉంటుంది? అల్యూమినియం కంటే రెక్క పలచగా ఉంటుంది కదా, వేగం పెరుగుతుందంటారు. నువ్వు ఒప్పుకోవని తెలుసు. ఎందుకు ఒప్పుకోవో రాయి. పొడుగ్గా రాయి.

ఈసారి ఉత్తరంలో వదిన మాట ఒక్కటీ లేదేం? ఒంట్లో బాగుందా?

డెస్

*

పేన్స్‌విల్,
12 ఫిబ్రవరి 1984, ఆదివారం.

డెస్‌కు,

ఉక్క. గాలి లేదు. షెడ్డు సామానులో సగం ఇంటికి చేర్చాను. పిచ్ దిమ్మలు తోపుడుబండి మీద తెచ్చి గరాజులో గోడ వారగా పేర్చాను.

నువ్వు పంపిన ప్రొపెల్లర్ మధ్య రంధ్రంలో చుట్టూ పళ్లున్నాయి. మన ఇంజను ఇరుసు నున్నగా ఉంటుంది, దానికి అడ్డంగా పిన్ను ఉంటుంది. ఆ పిన్ను కూర్చోవడానికి నువ్వు పంపినదాంట్లో గాడి లేదు. పళ్లున్న ప్రొపెల్లర్ పళ్లున్న ఇరుసుకే ఎక్కుతుంది. మూట విప్పిన రోజే చూశాను. పొరపాటున వేరేది పంపావేమో అనుకున్నాను. అందుకే ఏమీ అనకుండా బాగుచేసి పంపి, ఎలా కూర్చుందో రాయమన్నాను. వేరేది పంపావని నువ్వే చెబుతావనుకున్నాను.

వెన్నలా కూర్చుందని రాశావు. కొత్త పిన్ను వేశానని నా మీద ఒట్టు పెట్టావు.

నాలుగు వేల మూడు వందల లెక్క ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. అది వేరే పడవది. చెక్క గట్టిగా ఉందన్నావే, అది ఏ చెక్క?

నోలా నిన్న గుడారం తీసి ఎండేసి, చిరిగినచోట కుట్టింది. "ఏంటలా చూస్తున్నావు, సూది ఎప్పుడూ చూడలేదా?" అంది. లోపలికొచ్చాను. ఆమెకు ఇంకా చెప్పలేదు.

స్టీలు సంగతి తరువాత. కర్లూ ఎక్కడుంది? ఒక్క ముక్కలో రాయి.

ఆల్విన్

*

టిన్ క్యాన్ బే,
26 ఫిబ్రవరి 1984

అన్నయ్యకు,

అమ్మేశాను. ఒక్క ముక్కలో రాయమన్నావు, రాశాను.

మిగతాది కూడా రాస్తాను, చదవకపోతే నీ ఇష్టం. పోయినసారి డబ్బోలో నీ చేతుల మీంచి కర్లూను తీసుకొచ్చిన నెలకే గ్లెనిస్ నన్ను వదిలి వెళ్లిపోయింది. ఇల్లు అమ్మి ఇద్దరం పంచుకోవాలి, లేదా ఇల్లుంచుకుని ఆమె వాటా ఇవ్వాలి. ఇల్లుంచుకున్నాను. పడవ వెళ్లింది. మేరీబరో నుంచి ఒకాయన వచ్చి తీసుకెళ్లాడు. సగం నీదని ఆయనకు చెప్పలేదు. దొంగతనమే. నీకంటే ముందు ఆ మాట నేనే అంటున్నాను, నీకు ఆ శ్రమ లేకుండా.

ఇప్పుడు నా మాట విను. గ్లెనిస్ వెళ్లిపోయిందని, తిరిగిరాదని ఆ రోజుల్లో నీకు రాశాను. నీకు గుర్తుండదు. నాకుంది, ఎందుకంటే నీ జవాబును మూడుసార్లు చదివాను. ఉప్పు నీళ్లలో తిరిగే పడవకు ఇరుసు మీద ఏ గ్రీజు రాయాలో సగం కాగితం రాశావు. కింద సంతకం పెట్టావు. కాగితం తిప్పి చూశాను, వెనక ఏమైనా ఉందేమోనని. ఖాళీ. వదిన అడగమన్నదని కూడా లేదు. బహుశా ఆమెకు చెప్పి ఉండవు.

తరువాత ఇంకో ఉత్తరం రాశాను, ఒంటరిగా ఉండటం గురించి. ఐదు నెలలు జవాబు లేదు. మళ్లీ ఒకసారి ఊరికే, ప్రొపెల్లర్ రెక్క అంచు అరిగిందని రాశాను. వారంలో జవాబు, రెండు కాగితాలు. అప్పటినుంచి అదే పట్టుకున్నాను. స్లిప్ మీదికి ఎవడి పడవ వచ్చినా దాని జబ్బు మన కర్లూకు అంటగట్టి రాశాను. నాలుగు వేల మూడు వందలు బ్యారీ పడవది. నువ్వు బాగుచేసిన ప్రొపెల్లరూ దానిదే. నీ పనితనం చూసి బ్యారీ, "ఈయన్ని ఇక్కడికి రమ్మనరాదూ?" అన్నాడు. "రాడు, ఏమైనా విరిగితేనే పలుకుతాడు" అన్నాను.

నీ పడవ నీకు లేకుండా చేశాను, ఒప్పుకుంటాను. కానీ కర్లూ ఎక్కడుందని ఎంత గాబరాపడి అడిగావో చూడు. తమ్ముడు ఏమయ్యాడని ఎన్నడైనా అలా అడిగావా?

ఈస్టర్ శుక్రవారం డబ్బోకు వస్తాను. కారు వెనక పడవ ట్రైలర్ ఉండదు. ఆ హోటలు దగ్గరే, ఎప్పుడూ కూర్చునే వరండాలో ఉంటాను. తిట్టాలంటే వచ్చి తిట్టు. రాకపోతే అదీ జవాబే.

డెస్

*

పేన్స్‌విల్,
22 ఏప్రిల్ 1984, ఈస్టర్ ఆదివారం.

డెస్‌కు,

మబ్బు. నైరుతి గాలి మొదలవుతోంది. పొద్దున్న గరాజు తలుపు కీళ్లకు నూనె వేశాను.

నేను డబ్బో రాలేదు. నువ్వు వచ్చావో లేదో నాకు తెలియదు. వచ్చి ఉంటే అంత దూరం వృథాగా తిరిగి ఉంటావు. గురువారం కారులో పెట్రోలు పోయించాను. శుక్రవారం పొద్దున బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే నోలాకు చదవమని ఇచ్చాను. చదివి, మడిచి నా ముందే పెట్టింది. "గ్లెనిస్ సంగతి నీకు అప్పుడే తెలుసా?" అంది. తెలుసన్నాను. "ఏడాదికి పైగా వాడు ఏం వండుకుంటున్నాడని అడుగుతున్నాను. పెళ్లాం వెళ్లిపోయింది, ఒక్కడే ఉన్నాడని క్రిస్మస్ కార్డు మీద వాడి ఒక్కడి పేరే చూసి నాకు తెలిసింది. నువ్వు చెప్పలేదు" అంది. చెబితే ఏం మారేదన్నాను. "నేను అప్పుడే రాసేదాన్ని కదా" అంది.

శుక్రవారం కారు లోపల పెట్టడం చూసి, "పడవ లేకపోతే తమ్ముడు కూడా లేడా?" అంది. వాడు నా వాటా అమ్మాడన్నాను. "అమ్మాడు. వెళ్లి అదే ముఖం మీద అను. ఇక్కడ తలుపుతో అంటావేం" అంది. నేను గరాజులోకి వెళ్లాను.

నిన్న ఆమె గుడారం మూట కట్టుకుని, చర్చి స్నేహితురాలితో ఫెర్రీ మీద అవతలికి వెళ్లింది. నన్నూ రమ్మంది. ఒక ప్రొపెల్లర్ పని ఒప్పుకున్నానన్నాను. "షెడ్డు మూశావు గానీ పని మూయలేదు" అంది. "పడవ ఉన్నా లేకపోయినా సరస్సు అక్కడే ఉంది, ఆల్విన్. నేను ఈ వారం పోగొట్టుకోను." వంటింట్లో మాంసం కూర ఎన్నాళ్లకు సరిపోతుందో చెప్పి వెళ్లింది.

నువ్వు చేసింది తప్పు. నా సగాన్ని నన్ను అడగకుండా అమ్మావు, అమ్మాక ఏడాదికి పైగా అబద్ధాలు రాశావు. నేను మాటిచ్చిన మనిషి ఇప్పుడు వేరేవాళ్లతో వెళ్లింది. దీన్ని నేను లేదనుకోలేను. గ్రీజు గురించి రాసిన ఆ సగం కాగితం మాట కూడా నిజమే. గ్లెనిస్ గురించి ఏం రాయాలో ఆ రోజు ఆలోచించాను. నాకు తెలిసింది గ్రీజు. ఇప్పుడు కూడా దాని గురించి రాద్దామనే కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఈ కాగితం ముందే ఉన్నాను.

ఇకమీదట ప్రొపెల్లర్ల గురించి నాకు రాయకు. ఏది అడిగినా జవాబు రాయను. వేరే ఏమైనా ఉంటే రాయి. దానికి నా దగ్గర జవాబు ఉంటుందని మాట ఇవ్వలేను.

ఒప్పుకున్న పని దంతవైద్యుడి పడవదే. దాన్ని కొన్నాయన నిన్న మధ్యాహ్నం తీసుకొచ్చాడు. వేగం తగ్గిందన్నాడు. ప్రొపెల్లర్ విప్పితే వెనక పిడికెడు గాలం తీగ. సీలు కోసేసి, గేరు నూనె పాలలా తెల్లబడింది. మంచి పడవ. కొన్నాళ్లు వాడకుండా ఉంచమన్నాను. "ఈస్టర్ వారం, పిల్లలు ఊరుకుంటారా?" అన్నాడు. సీలు దొరికేవరకు ఆగక తప్పదన్నాను. వాళ్లావిడ కారులోంచే, "సెలవులు పాడయ్యాయి, నీ గాలం వల్లే" అంది. ఆయన నా వైపు చూసి నవ్వాడు, నేనేదో ఆయన పక్షం మాట్లాడతానన్నట్టు.

అవతలి ఒడ్డు ఇక్కడి నుంచి కనబడదు. గాలి ముదిరింది. గుడారం తాళ్లు వాళ్లు సరిగ్గా బిగించారో లేదో తెలియదు. నోలా వెళ్లే ముందు దుప్పట్లు ఉతికి తీగ మీద వేసింది, ఎండాక తీయమంది. ఎండాయి. ఇప్పుడే చినుకులు మొదలయ్యాయి. లేచి వెళ్లి వాటిని తీయాలి.

ఆల్విన్